అంగుళం పైన

వెర్నా భుజానికి నష్టపరిహారం రావాలంటే స్నేహితురాలు మార్లిస్ నోరు విప్పాలి. లాయరు ఫోన్లో తేల్చి చెప్పేశాడు. ఫ్లూ టీకా వేయించుకున్న రెండు రోజుల్లోపే నొప్పి మొదలైందని, చూసినవాళ్లెవరైనా సాక్ష్యం ఇవ్వాలి.

తప్పు వెర్నాదే. విస్కాన్సిన్‌లో ఆవిడ ఊరివాళ్లు చెయ్యి ఊడి కిందపడినా "ఫర్వాలేదులే" అంటారు. జుట్టు దువ్వుకోలేని స్థితి వచ్చేదాకా వెర్నా డాక్టరు గడప తొక్కలేదు. మందుల షాపులో వేసిన టీకా సూది మరీ పైన, కీలులోకి దిగిందన్నాడు డాక్టరు; కానీ అప్పటికి చలికాలం సగం గడిచిపోయింది, నొప్పి ఎప్పుడు మొదలైందో ఏ కాగితంలోనూ లేదు.

టీకా వేయించుకున్న మర్నాడే బార్‌లో డార్ట్స్ ఫైనల్. ఏళ్ల తరబడి ఓటమి ఎరగని వెర్నా విసిరిన బాణాలు బోర్డు దాకా కూడా వెళ్లలేదు. ఆమె ఓడిపోవడం అందరూ చూశారు. చెయ్యెత్తినప్పుడల్లా పళ్లు బిగపట్టడం మాత్రం ఎదురు ఆడిన మార్లిస్ ఒక్కతే చూసింది. కప్పు ఆమెకే దక్కింది.

శుక్రవారం అదే బార్‌లో, వేయించిన చేప ముందు పెట్టుకుని వెర్నా కదిపింది.

"ఏమే, నా చెయ్యి బాలేదని రెండు ముక్కలు రాసిస్తే నీ సొమ్మేం పోయింది? టీకా వల్ల చెడితే డబ్బులిచ్చేది ప్రభుత్వం."

"డబ్బు కాదే, నా పరువు."

"ఏం పరువు? బుద్ధెరిగాక గెలిచింది ఒక్క కప్పు. నీ గురి ఎప్పుడూ అంగుళం పైకే కదా!"

"ఆ మాట కూడా రాయమంటావా?"

"అక్కర్లేదు. ఊరందరికీ తెలిసిందే."

మార్లిస్ నవ్వలేదు. చేపముక్కని ఫోర్కుతో కెలుకుతూ కూర్చుంది. వెర్నాకి భయం వేసింది. పరిహారం రాకపోతే ఫిజియోథెరపీ మానెయ్యాలి. మానేస్తే ఆ చెయ్యి మళ్లీ బోర్డు వైపు లేవదు.

సోమవారం లాయరుకి సాక్ష్యం అందింది. "ఆమెకి నొప్పిగా ఉందని తెలిసీ ఆడాను. అది గెలుపు కాదు" అని రాసింది మార్లిస్. చదువుతుంటే వెర్నా కళ్లు చెమర్చాయి.

కేసు రాజీకి రావడానికి ఏడాది దాటింది. చెక్కు వచ్చిన రోజు మార్లిస్ కప్పు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఉంచుకోవే. నీకు ఇంకోటి ఎలాగూ రాదు" అంది వెర్నా.

మళ్లీ ఫ్లూ టీకాల రోజులు రాగానే వెర్నా ఊళ్లోని మందుల షాపుకెళ్లి, రెండో చేతి చొక్కా పైకి మడిచి, సూది పట్టుకుని తటపటాయిస్తున్న ఫార్మసిస్టుతో, "ఈసారన్నా అంగుళం కిందికి గురిపెట్టవే, మార్లిస్!" అంది.