ఫలించిన జపం

నాలో కోరిక చచ్చిపోయింది జపం వల్లనా, ఆపరేషన్ వల్లనా అన్న అనుమానం ఏళ్ళ తరబడి నన్ను వదల్లేదు. జబ్బు చేసి రెండు వృషణాలూ తీసేశాక, దేవుడి ముందే ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. "మీ జపం ఫలించిందండీ" అని మా ఆవిడ మురిసిపోయేది. నేనూ అదే నమ్మాలని చూసేవాణ్ణి.

నిన్న మెట్టు జారితే మణికట్టు విరిగింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకలు ఇంత గుల్లబారాయేం? హార్మోను ఇంజక్షన్లు మానేశారా?" అన్నాడు.

"ఏ ఇంజక్షన్లు?"

"ఆ ఆపరేషన్ అయినవాళ్ళు జీవితాంతం వేయించుకోవాలి. ఓపికా, కోరికా తిరిగొస్తాయి. మీకు అప్పుడే చెప్పుంటారే!"

మా ఆవిడ తల దించుకుంది.

బయట బల్ల మీద కూర్చోగానే అడిగాను. "నీకు చెప్పారా?"

"మీరు మత్తులో ఉన్నప్పుడు చెప్పారు."

"దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావా?"

"ఎముకల సంగతి నాకు తెలీదండీ, ఒట్టు. కోరిక తిరిగొస్తుందన్న మాటకే భయపడ్డాను."

"నేనేమన్నా రాక్షసుణ్ణా?"

"జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, ఎలా ఉందే అని ఒక్కసారి అడిగారా? దీపం ఆర్పేసేవారు. మీకు జబ్బు చేశాకే నాకు కంటినిండా నిద్ర పట్టింది."

 మళ్ళీ తనే అంది.

"ఇంజక్షన్ వేయించుకోండి. నేను మాత్రం పక్క గదిలోనే పడుకుంటాను."

మోసపోయానన్న మంట ఇంకా చల్లారలేదు. అయినా, పెళ్ళినాటి నుంచి ఆమెకు బాకీ పడ్డ మాట ఒకటుంది.

"నీ ఇష్టం" అన్నాను.