పక్క సీటు

ట్రాములో ఒక్క సీటే ఖాళీగా ఉంది. గుడ్నీ అటు నడవబోయింది.

టోరున్ చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కడొద్దు."

"ఎందుకక్కా? కాళ్లు పీకేస్తున్నాయి."

గుడ్నీ ఓస్లోకి కొత్త. టోరున్ పనిచేసే దర్జీ దుకాణంలో చేరి నెల కూడా కాలేదు.

"ఆ ముసలాయన పక్కన ఎవరూ కూర్చోరు. ప్రొఫెసర్ స్కోగ్లీ. యూనివర్సిటీలో పాత వీరగాథలు చెబుతాడు."

"ఏం చేశాడేంటి?"

"యుద్ధంలో జర్మన్లు మన దేశాన్ని ఆక్రమించినప్పుడు, ట్రాములో వాళ్ల పక్కన సీటున్నా మేం నిలబడేవాళ్లం. నిలబడితే దింపేస్తామన్నారు. దిగి నడిచాం గానీ కూర్చోలేదు. ఈయన మాత్రం వెతుక్కుని మరీ ఆఫీసర్ల పక్కన చేరేవాడు. కథలు చెప్పి నవ్వించేవాడు."

"ఎందుకని ఎవరూ అడగలేదా?"

"అడగడానికేముంది, కళ్లారా చూశాంగా. మా అన్న కోసం ఇంటి మీద పడిన రోజు కూడా వాళ్లతో ఇకఇకలూ పకపకలూ. అన్న గోడ దూకి, సరిహద్దు దాటి స్వీడన్ చేరాడు కాబట్టి బతికాడు. మా ఇల్లు వాళ్లకి చూపించింది ఎవరంటావ్?"

యుద్ధం ముగిసిన నాటి నుంచీ టోరున్ ఈ మాట అందరి చెవినా వేస్తూనే ఉంది. ఆ సీటు ఖాళీగా ఉందంటే సగం ఆమె చలవే.

ఆఖరి స్టాపులో అందరూ దిగారు. ముసలాయన దిగలేదు.

"సార్, లేవండి," అంటూ కండక్టర్ భుజం తట్టాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

"పక్కన ఒక్క మనిషున్నా తెలిసేది," అంది గుడ్నీ.

 టోరున్ ఇంటికెళ్లి బంగాళాదుంపలు ఉడకేసింది. బాధా లేదు, సంతోషమూ లేదు.

అంత్యక్రియలకు గుడ్నీ వెళ్తానంటే తోడు వెళ్లింది. పట్టుమని పదిమంది లేరు. ఖననం అయ్యాక, అందరూ కాఫీకి కూర్చున్నప్పుడు, ఒక కుంటి పెద్దమనిషి మాట్లాడటానికి లేచాడు.

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి ఇన్నాళ్లూ చెప్పలేదు. జర్మన్ ఆఫీసర్లకు ఈయన చెప్పే వీరగాథలంటే పిచ్చి. కథ ధ్యాసలో పడి, ఎవరింటి మీద పడబోతున్నారో నోరు జారేవాళ్లు. ఈయన ట్రాము దిగి, జర్మన్ల మీద రహస్యంగా పోరాడే మాకు చెప్పేవాడు, మేం ఆ ఇళ్లకు కబురు పంపేవాళ్లం. ఒకసారి ఆలస్యమై ఒక తండ్రీకొడుకులు పోయారు. ఆ తర్వాత మెచ్చుకోలు వినలేనన్నాడు. ఊరు తిట్టినా పడ్డాడు."



టోరున్ లేచింది.  నోట్లోంచి వస్తున్న మాట వేరెవరిదో అనిపించింది.

"మా అన్న స్టైనార్... రేవు దగ్గరి ఇల్లు. చీకట్లో ఎవరో దొడ్డి తలుపు తట్టి, పారిపో అని చెప్పి వెళ్లిపోయారట. మీరు పంపిన మనిషేనా?"

"స్టైనార్ చెల్లెలివా?" పెద్దమనిషి ఆమె వంక చూశాడు. "ఆ రోజు పంపడానికి మాకు మనిషి దొరకలేదమ్మా. స్కోగ్లీయే వచ్చి తట్టాడు."