నిచ్చెన కృష్ణయ్య

“దిగవే! కాళ్లు ఇరగ్గొడ్త, దిగు!”

ధూల్‌పేట్ గల్లీలో పాల రుక్మాబాయి గొంతు లేస్తే ఉస్మాన్‌గంజ్‌లో హమాలీలు నెత్తి మీది బస్తాలు కింద పడేసేవారు. ఇది కొంచెం తగ్గించి చెప్పిన మాటే.

వెదురు నిచ్చెన నాలుగో మెట్టు మీద ఆమె మనవరాలు అఖిల. ఎనిమిదేళ్లది. కింద నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని ఒక కొత్త మనిషి. ఎదురింటికి సున్నం వేయడానికి వచ్చిన కృష్ణయ్య.

“ఎవనివిరా నువ్వు? మా పిల్లనే దొరికిందా నీకు?”

“పైన తాడు కట్టిన అమ్మా. కింద గడ్డి బస్తాలు ఏసిన. నేను పట్టుకునే ఉన్న.”

“పడ్తె?”

“బస్తా మీద పడ్తది. లేస్తది. మల్ల ఎక్కుతది.”

“నీ నోట్ల మన్నువడ!”

చినుకు పడితే జలుబని, ఎండ పడితే వడదెబ్బని, ఏదీ పడకపోతే దిష్టి తగులుతుందని మనవరాలిని ఇంట్లోనే కూర్చోబెట్టేది రుక్మాబాయి.

అలాగని అది పిరికి కొంప అనుకునేరు. దీపావళి మర్నాడు దున్నపోతులను అలంకరించి ఊరేగించే సదర్ పండుగ కోసం, వాళ్ల కొట్టంలో ఒక దున్నను మేపుతున్నారు. పేరు ఛోటే నవాబ్. పొద్దున బాదం పప్పు, సాయంత్రం ఆపిల్ పళ్లు. అది తుమ్మితే పక్క షెడ్డులో ఆరుతున్న వినాయకుడి తొండం రెండో వైపుకు తిరిగిందని చెబుతారు.

దాని మెడ కింద మాత్రం అఖిల ఎంతసేపైనా ఆడుకోవచ్చు.

“మా నవాబుది పసిపిల్ల మనసు” అనేది రుక్మాబాయి.

ప్రమాదమంతా నిచ్చెనలోనే ఉంది!

ఆమె కళ్లుగప్పి పిల్లలు రోజూ మధ్యాహ్నం కృష్ణయ్య చుట్టూ చేరేవారు. ప్రతి మెట్టూ ముందు తను ఎక్కి తొక్కి చూసేవాడు. రోజుకు ఒక్క మెట్టే పెంచేవాడు.

“మూడు పట్టు ఉంటెనే నాలుగోది కదలాలె. రెండు చేతులు, ఒక కాలు. సమజైందా?”

“అయింది తాతా!”

“భయమైతే?”

“ఆగాలె. ఊపిరి తీసుకోవాలె.”

ఒకరోజు రుక్మాబాయి కొడుకు రవీందర్‌కు జ్ఞానోదయమైంది.

“అమ్మా, గీడు సున్నాలేసెటోడు కాదే. పోరగాండ్లకు గోడలెక్కుడు ఎందుకు నేర్పుతున్నడు? రేపు కిటికీలకెళ్లి ఇండ్లల్లకు దూర్పిచ్చి దొంగతనాలు చేపిస్తడు!”

గల్లీ మొత్తానికి అది నిజమనిపించింది. ఎప్పుడో పోయిన చెంబులు, చెప్పులు, ఒకావిడ పెళ్లినాటి గొడుగు, అన్నీ సాయంత్రానికల్లా కృష్ణయ్య మెడకు చుట్టుకున్నాయి.

నిచ్చెన విరగ్గొట్టారు. రవీందర్ చొక్కా పట్టుకుని నాలుగు తగిలించాడు.

“మల్ల ఈ గల్లీల కనవడ్తె ఠాణాల ఏపిస్త!”

కృష్ణయ్య అఖిల వైపు తిరిగాడు.

“ఎన్ని మెట్లయినయి బిడ్డా?”

“ఏడు.”

“ఇంక రెండే ఉండె” అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

సదర్ రానే వచ్చింది. గవ్వల పట్టీలు, నెమలి ఈకలు, ఏనుగంత పూలదండ. నవాబు తాడు కొస అఖిల చేతికిచ్చి, కొడుకుతో “ఫొటో తియ్‌రా” అంది రుక్మాబాయి.

అంతలో ఎవరో వెనక నుంచి టపాకాయల సరం అంటించారు.

నవాబు పసిపిల్ల మనసు కాస్తా ఎగిరిపోయింది. పట్టుకున్న నలుగురు మగాళ్లూ నాలుగు దిక్కులకు పడ్డారు. అందరికన్నా ముందు రవీందర్ మిఠాయి కొట్టులో దూరాడు.

అఖిల గల్లీ చివరికి పరుగెత్తింది. ఎదురుగా గోడ. వెనక దున్న. పక్కన విగ్రహాల షెడ్డుకు కట్టిన వెదురు పరంజా.

రుక్మాబాయి గొంతు మొదటిసారి పెగల్లేదు.

పిల్ల ఆగింది. ఊపిరి తీసుకుంది. రెండు చేతులు, ఒక కాలు. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

కింద ఉన్న తోపుడు బండిని దున్న కొమ్ములతో నుగ్గు చేసింది.

తాళ్లు వేసి దాన్ని లాగేసరికి అరగంట పట్టింది.

“దిగు తల్లీ!” అని ఏడ్చింది రుక్మాబాయి.

“ముందుగాల గడ్డి బస్తాలు ఏయుండ్రి” అంది అఖిల పైనుంచి.

మర్నాడు కృష్ణయ్య ఉండేదెక్కడో ఎదురింటివాళ్లను అడిగి, పాలక్యాను పట్టుకుని గుడిమల్కాపూర్ వెళ్లింది రుక్మాబాయి. పూల మార్కెట్ వెనక ఒక రేకుల గది. ముందు కూర్చుని, ఆ గది అద్దెకిచ్చిన మున్నీ బంతిపూలు గుచ్చుతోంది.

“కృష్ణయ్య ఉన్నడా?”

“యాడికెళ్లి వచ్చినవ్?”

“ధూల్‌పేట్.”

మున్నీ చేతిలో సూది ఆగింది.

“ఆయన నిచ్చెన ఇరగ్గొట్టినోళ్లు మీరేనా? ఇంకేం ఇరగ్గొడ్దామని వచ్చినవ్? నాలుగు దినాలాయె, డెంగీ జరంతోని పాణం పోయింది.”

రుక్మాబాయి పాలక్యాను గుమ్మంలో దించింది. లోపల గోడకు రెండు జడల పిల్ల ఫొటో ఉంది.

“గా పిల్ల ఎవరు?”

“ఆయన బిడ్డ. తల్లి లేదు. యాడ దెబ్బ తగుల్తదోనని ఇంట్ల వెట్టి, తాళమేసి పనికి పోయెటోడు. ఒక్కనాడు నాలా పొంగి ఇంట్లకు నీళ్లొచ్చినయి. గల్లీలోళ్లు పైన జాలీ కిటికీ పగలగొట్టి చేతులు చాపిన్రు. మంచమెక్కి అల్మారా ఎక్కితే అందుతది.”

“మరి?”

మున్నీ మళ్లీ సూది అందుకుంది.

“ఎక్కు బిడ్డా, ఎక్కు బిడ్డా అని అందరు మొత్తుకుంటుంటే, ‘మా బాపు వద్దన్నడు’ అని నీళ్లల్లనే నిలవడ్డదంట.”