నాలుగు నెలల ఇంటిపేరు

“ఇంతకీ మీరు ఏ ఊరి గెడ్నీలు?” అని మిసెస్ బ్లెంకిన్ నిలదీసేసరికి, పంది మాంసం కొట్టాయన చేతిలో కత్తి ఆగిపోయింది.

కొట్లో మరో నలుగురు ఆడవాళ్ళున్నారు. అందరి చెవులూ ఇటే. అడిగిందేమో మామూలు మనిషా! మొన్న వసంతంలో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఎక్కిన ఓడను జర్మన్లు ముంచేశారు. అప్పట్నుంచీ సంతాపపు నల్లబట్టలు విడవలేదు. జర్మన్ అన్న మాట చెవిన పడితే చాలు, అగ్గిమీద గుగ్గిలమవుతుంది.

“లింకన్‌షైర్ వాళ్ళమండీ,” అన్నాడాయన. అక్కడ గెడ్నీ అనే ఊరుందనీ, ముత్తాతకు తాత ఎవరో అక్కణ్ణుంచి వలస రావడంతో ఊరి పేరే ఇంటిపేరైందనీ, అందరూ గొర్రెలు కాసినవాళ్ళేననీ తడుముకోకుండా చెప్పుకుపోయాడు.

అంతా బొంకు. ఆయన అసలు ఇంటిపేరు గెబ్‌హార్ట్. నాలుగు నెలల కిందట హల్ ఊళ్ళో జనం జర్మన్ల కొట్టని ధ్వంసం చేస్తే యార్క్‌కు పారిపోయి వచ్చి, చర్చి పక్కన సమాధిరాయి మీద కనబడ్డ పేరు తగిలించుకున్నాడు. ఇంగ్లండ్ సైన్యంలో చేరి యుద్ధానికెళ్ళిన కొడుక్కి వీధి పేరు రాశాడు గానీ, ఈ కొత్త ఇంటిపేరు రాయడానికి మొహం చెల్లలేదు.

అంతలో చేతికి ఎర్రసిలువ పట్టీ కట్టుకున్న సిపాయి ఒకడు లోపలికొచ్చాడు. గెబ్‌హార్ట్ గారి మాంసం కొట్టు ఇదేనా అని అడిగాడు. వాళ్ళబ్బాయి వాల్టర్‌ని క్షతగాత్రుల రైల్లో తెచ్చారట. కాలు తీసేశారట. రైలు స్టేషన్లో ఇంకో అరగంటే ఉంటుందట.

“జర్మన్ పేరులా ఉందే,” అంది ఒకావిడ.

“పేరు జర్మనేనమ్మా. కాలు మాత్రం మన కోసమే పోయింది,” అన్నాడు సిపాయి. “రేపటిదాకా ఉండడన్నారు డాక్టర్లు. నాన్నా, నాన్నా అని ఒకటే కలవరింత.”

కొట్టాయన కత్తి కింద పెట్టాడు. నేనేనని ఒక్క మాట అంటే చాలు. ఆ నలుగురి వంకా చూశాడు. నల్లబట్టల వంక చూశాడు.

“ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరు,” అన్నాడు.

అన్నాక తన గొంతు మీద తనకే అసహ్యమేసింది. సిగ్గుతో తలెత్తలేక మళ్ళీ మాంసం కొయ్యబోతే కత్తి జారి వేలు తెగింది. రక్తం కారుతున్నా తుడుచుకోలేదు.

మిసెస్ బ్లెంకిన్ ఆ వేలినీ, ఆ మొహాన్నీ చూసింది. సిపాయి నిట్టూర్చి వెనుదిరిగాడు. ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి, గబగబా వెళ్ళి గుమ్మంలో అతని చెయ్యి పట్టుకుంది.

“ఆగు బాబూ. వాల్టర్ గెబ్‌హార్ట్ తల్లిని నేనే. పద, నా కొడుకు దగ్గరికి తీసుకెళ్ళు.”