మూడో తనిఖీ

“ఈ గొయ్యి గోడకి మరీ దగ్గరగా ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, వంచిన నడుం ఎత్తకుండానే.

కుట్టుకొట్టు వెనక ఎర్తింగు కోసం తవ్విన గొయ్యి అది. తవ్వించిన ఎలక్ట్రీషియన్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుందని వీధంతా ఆయన్ని టెస్టర్ బాబాయ్ అంటారు. కొట్టు పెట్టుకున్న ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ఎంత దూరం ఉండాలి సార్?” అని అడిగాడు బాబాయ్.

“అయిదడుగులు.”

బాబాయ్ ఒకసారి గోడ వైపూ, ఒకసారి మురుక్కాలవ వైపూ చూశాడు. ఆ రెంటి మధ్యా ఉన్న జాగాయే మూడడుగులు. ఇంకా దూరం జరపాలంటే కాలవ దాటి పక్కవాళ్ళ పెరట్లో తవ్వాలి.

“సార్, ఈ వరసలో ఏ కొట్టుకీ అంత జాగా లేదు. అన్నీ పాసయ్యాయి,” అన్నాడు.

“అప్పుడు చూసింది నేను కాదు.”

ఆమె నాలుగడుగులు ముందుకొచ్చింది. ఆ మనిషి ముందు ఆమెకి నోరు పెగలదు. అయినా పెగల్చుకుంది. “సార్, సోమవారానికి మెషీన్లు తిరగకపోతే స్కూలు బట్టలు వెనక్కి తీసుకుపోతారు. ఈ ఒక్కసారికి...”

“రూలు అందరికీ ఒకటేనండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట కూడా బాబాయ్ వైపు తిరిగే అన్నాడు. కరెంటు ఇవ్వొచ్చన్న కాగితం మీద సంతకం పెట్టకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు.

మొదటిసారి వచ్చినప్పుడు మెయిన్ బోర్డు కిందికుందన్నాడు. ఆమె గోడ పగలగొట్టించి పైకి జరిపించింది. రెండోసారి ఒక్కో మోటారుకీ వేరే వైరు లాగాలన్నాడు. అదీ లాగించింది. లైసెన్సు లేని కుర్రాడొకడు మొత్తం పని సగం డబ్బులకే చేస్తానన్నా, ఇంట్లో భర్త చెప్పిన మాట మీద లైసెన్సున్న బాబాయ్‌నే పెట్టుకుంది. గోడ పగిలినప్పుడల్లా ఖర్చు పెరిగింది. రెండోసారి కూలి తీసుకోవడానికి బాబాయే సిగ్గుపడి, పైపుల డబ్బు మాత్రం ఇవ్వమన్నాడు.

ఇంట్లో అడ్డు లేకపోవడమే తన అదృష్టం అనుకునేది ఆమె. పెళ్ళయిన దగ్గర్నుంచీ అడగ్గా అడగ్గా, కిందటేడు పుట్టింటివాళ్ళ ముందు భర్త సరేనన్నాడు. కొట్టు పెట్టుకో, పని మాత్రం లైసెన్సున్నవాడితో చేయించు, పర్మిషన్ తెచ్చుకో, ఆ తర్వాత నేను ఒక్కమాట అన్నానేమో అడుగు, అన్నాడు. ఆమె తండ్రి ఆ సంతోషంలో పొలంలో ఒక చెక్క అమ్మి మోటారు మెషీన్లు కొనిచ్చాడు. ఇలాంటి అల్లుడు వెతికినా దొరకడని తల్లి ఇప్పటికీ ఫోనులో అంటూనే ఉంటుంది.

టెస్టర్ బాబాయ్ గొయ్యి పక్కనే చతికిలపడ్డాడు. “నలభై ఏళ్ళుగా వైర్లు లాగుతున్నానమ్మా. పాడుబడ్డ మిల్లుకి కూడా పాస్ ఇప్పించాను. ఈయనేమో బదిలీ మీద కొత్తగా వచ్చాడు, మొన్న మూలమీది పిండిమరకి నిలబడ్డచోటే సంతకం పెట్టాడు. దాని ఎర్తింగు చూస్తే నాకే షాక్ కొట్టింది. నీ దగ్గరికొచ్చేసరికి భూతద్దం తీస్తున్నాడు. ఏమన్నా పాత తగాదా ఉందా?”

“తగాదా ఏం లేదు బాబాయ్.”

“పోనీ, టీ ఖర్చులకని చేతిలో పెడదామా?”

“తీసుకోరు,” అంది.

“తీసుకునేవాడే నయం, దారుంటుంది.” బాబాయ్ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. “మీ ఆయన్ని ఒకసారి వెళ్ళి మాట్లాడమను. ఆడపిల్లవి నువ్వు ఎన్నిసార్లని బతిమాలతావు?”

“ఆయన మాట్లాడరు.”

“ఆయనేమో ఒప్పుకున్నాడంటివి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేనమ్మా.”

పక్కవాళ్ళ పెరట్లో గొయ్యి తవ్వనిస్తారేమోనని ఇద్దరూ వెళ్ళి అడిగారు. ఆ ఇంటావిడ జాలిపడింది, మంచినీళ్ళిచ్చింది, కానీ పిల్లలు ఆడుకునే చోట కరెంటు గొయ్యి వద్దంది. ఆవిడని తప్పుపట్టడానికీ లేదు.

సోమవారం మధ్యాహ్నం స్కూలు ఆయా రిక్షా తీసుకొచ్చింది. హెడ్మాస్టరమ్మ చాలా బాధపడ్డారనీ, పిల్లలు బట్టల్లేకుండా బడికి రాలేరు కదా అన్నారనీ చెప్పింది. కత్తిరించిన ముక్కలు కలిసిపోకుండా సైజుల వారీగా మూటలు కట్టి ఆమే రిక్షాలోకి ఎక్కించింది. కాలితో తొక్కే పాత మెషీను మీద ఆదివారమంతా కూర్చుని కుట్టిన కొన్ని గౌన్లు కూడా పైన పెట్టింది. ఆయా వాటి కాజాలు చూసి, ఎంత బాగా కుట్టావు తల్లీ అంది. ఆ మాటకే ఆమెకి ఏడుపొచ్చింది.

పొద్దు వాలకముందే కొట్టుకి తాళం వేసింది. ఇంటికొచ్చి అన్నం వండి, కూర దించింది. బయట బండి ఆగింది. భర్త కాళ్ళు కడుక్కునొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది.

“బట్టలు వెనక్కి పట్టుకుపోయారు,” అంది.

ఆయన కూర కలుపుకున్నాడు. కాస్త ఉప్పు వేయమన్నాడు.

“మెషీన్లు నాన్నకి తిరిగి పంపించేస్తానండీ. ఇంక నావల్ల కాదు.”

“నీ ఇష్టం. కొట్టు నీది,” అన్నాడు. రెండు ముద్దలు తిన్నాక తలెత్తి, చాలా నెమ్మదిగా, దాదాపు ప్రేమగా ఆమె వైపు చూశాడు.

“నేనేమైనా వద్దన్నానా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.