పచ్చదీపం వెలిగిన రోజు

ఆ ఊరి వార్డు ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ ఎర్రదీపం వెలిగిన రోజుల్లోనే తెరిచేవారు. అప్పటికి ప్రతి మనిషికీ పుట్టగానే యాభై పెద్ద కంపెనీల షేర్లలో కొంచెం కొంచెం డబ్బు పెట్టే ఇండెక్స్ ఫండ్ ఖాతా ఒకటి తెరవాలని చట్టం వచ్చింది. ఫండ్ విలువ పెరిగితే ఆఫీసు గోడ మీది దీపం పచ్చన, తగ్గితే ఎరుపు. పచ్చగా వెలిగిందంటే దేశంలో ఎవరికీ ఏ కష్టమూ లేనట్టే. జనం ఎలా ఉన్నారో కిటికీలోంచి తొంగి చూడటం అధికారులు మానేసి చాలా ఏళ్లయింది.

ఇడ్లీ బండి నడిపే అంకమ్మ ఖాళీ బిందెతో వచ్చి ఆ కిటికీ తలుపు దబదబా బాదింది. గుమాస్తా చక్రధర్ విసుక్కుంటూ సగమే తీశాడు.

"మా వీధి కుళాయిలో నీళ్లొచ్చి తొమ్మిది రోజులైంది బాబూ. పిండి రుబ్బడానికి గూడా చుక్క లేదు."

"పచ్చదీపం కనబడట్లేదా అమ్మా? ఫండ్ పెరిగింది. అందులో మీ వాటా కూడా ఉంది. అంటే మీరు బాగున్నట్టే."

"బాగుంటే ఈ బిందె ఎందుకు మోసుకొస్తానయ్యా? ఇంతకీ ఏం పెరిగిందంట అందులో?"

చక్రధర్ కంప్యూటర్ తెర వైపు చూశాడు. యాభై కంపెనీల్లో నలభై తొమ్మిది పడిపోయాయి. మిగిలిన ఒక్కటే మొత్తాన్ని పైకి లాగింది.

"నీళ్ల ట్యాంకర్ల కంపెనీ," అన్నాడు గర్వంగా.

అంకమ్మ అతన్ని ఎగాదిగా చూసి, బిందె చంకనెత్తుకుంది.

"అయితే మా కుళాయిలో నీళ్లొచ్చిన రోజున మీ దీపం ఎర్రబడుద్ది. ఆ రోజు తలుపులు బార్లా తీసుకుని కూర్చో నాయనా. అప్పుడు నాకు నీతో పనేముంటది?"