ఎడమ చేతి పలకలు

"పిచ్చయ్యా! నీ చెవికి బంగారు పోగు చేయించాలయ్యా!"

ఉత్తరం ఊపుకుంటూ షెడ్డులోకి వచ్చాడు ప్రకాశరావు. పలకల కార్ఖానా యజమాని ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో! పని ఆపి అందరూ తలలెత్తారు.

చెన్నపట్నం కంపెనీ రాసిన ఉత్తరం అది. కిందటి నెల మార్కాపురం నుంచి వెళ్లిన నలభై పెట్టెల్లో పగులున్న పలక ఒక్కటీ లేదట. ఆ పలకలు ఏరిన మనిషిని చూడడానికి కంపెనీ పెద్ద గుమాస్తా రేపు పొద్దుటి రైలుకే దిగుతున్నాడట.

"ఆయన ఎదుట నూరు పలకలు కొట్టి చూపించు. ఒక్కటి కూడా తప్పు పోగూడదు. ఎల్లుండి నుంచి నువ్వే మేస్త్రివి."

పిచ్చయ్య నమ్మలేక ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు.

ఇరవై ఏళ్లుగా అతనిది అదే పని. తుడిచి ఇచ్చిన పలకను అరచేతిలో నిలబెట్టి, వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొడతాడు. మంచి పలక ఖంగున మోగుతుంది. కంటికి కనపడని పగులున్నది పెంకులా పలుకుతుంది. మంచిది పెట్టెలోకి, పగిలింది కుప్పలోకి. ఈ మధ్య గనిలో రాయి మునుపటి రాయి కాదు, మోతలో ఆ పస లేదు. అయినా పెట్టెలో పగులు దొర్లలేదంటే, అది అనుభవం.

మేస్త్రి! ఆ మాటను చప్పరిస్తూ కూర్చుని చెయ్యి చాచాడు. ఎదురుగా కూర్చుని పలకలు తుడిచే యల్లమ్మ ఒక పలక అందించింది.

ఎడమ చేత్తో.

నోట్లో తీపి అంతా విరిగిపోయింది.

"ఏందే ఇది? సరస్వతిని ఎడం చేత్తో ఇస్తావా?"

"కుడి చెయ్యి నొప్పిగా ఉండాదన్నా."

"ఇప్పుడే గదా, మూడు పలకలు కుడి చేత్తో ఇచ్చినావు! నాలుగో దానికి నొప్పొచ్చినాదా?"

"వచ్చినాది. నన్నడిగి వస్తాదా ఏంది నొప్పి?"

పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పిచ్చయ్య ఆ పలకను కొట్టనైనా కొట్టకుండా పగుళ్ల కుప్పలోకి తోసేశాడు. ఎడమ చేత్తో ఇచ్చింది ఏదీ అతను పెట్టెలో పెట్టడు. అది పంతం. అందులో మంచివెన్ని పోతున్నాయో అని లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. అది ఇంకా కోపం.

మొగుడు పోయి దిక్కులేక నిలబడితే, యజమాని కాళ్లావేళ్లా పడి ఈ యల్లమ్మను పనిలో పెట్టించింది తనే. మొదట్లో అన్నా అన్నా అంటూ ఎంతో ఒద్దికగా ఉండేది. మధ్యలో ఏం పురుగు కుట్టిందో! పని మీద ధ్యాసే లేదు. పలక తుడుస్తూ వేళ్లతో దాని మీద తాళం వేసుకుంటుంది. ఇష్టమైతే కుడి చెయ్యి, లేకపోతే ఎడమ. తిట్టినా నవ్వే, బతిమాలినా నవ్వే. చేసిన మేలుకు ఇదా ఫలితం?

మధ్యాహ్నం సద్దిమూట విప్పితే చల్ల మిరపకాయ కూడా రుచించలేదు. చెయ్యి కడుక్కుని నేరుగా ప్రకాశరావు దగ్గరికి వెళ్లాడు.

"యల్లమ్మను నా ఎదురు నుంచి తీసెయ్యండయ్యా."

"ఆమెను తెచ్చింది నువ్వే గదయ్యా!"

"తెచ్చినా. నా చెప్పుతో నేనే కొట్టుకోవాల. రేపు ఆ గుమాస్తా ముందర ఎడం చేత్తో ఇస్తే నా పరువేం గావాల?"

ప్రకాశరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరేలే. రేపటి నుంచి ఆమె చట్రాలు బిగించే దగ్గర కూర్చుంటది. నీకు జీవరత్నాన్ని ఇస్తా."

జీవరత్నం పనిలో చేరి వారమే. నెమ్మది పిల్ల. గుడ్డ తడిపినా అడిగి తడుపుతుంది. పిచ్చయ్యకు ప్రాణం లేచొచ్చింది.

పని ముగిసే వేళకు సంగతి యల్లమ్మకు తెలిసింది. గొడవ పెట్టుకుంటుందని పిచ్చయ్య నడుం బిగించుకుని కూర్చున్నాడు. ఆమె గొడవ పడలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. గబగబా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నా, రేపొక్కరోజు నన్నే ఉండనియ్యి. ఎల్లుండి నువ్వు పొమ్మన్న చోటికి పోతా."

"ఎందుకంట? ఆ గుమాస్తా ముందు నన్ను నగుబాటు చేసేదానికా?"

"కాదన్నా. ఒక్క దినం. నీ కాళ్లు పట్టుకుంటా."

"నీకూ నీ చేతికీ ఒక దండం తల్లీ! నన్ను వదిలిపెట్టు."

ఆమె లేచి, కొంగుతో ముఖం మీది రాతిదుమ్ము తుడుచుకుంది. గడప దగ్గర పగుళ్ల కుప్ప ఎత్తుతున్న జీవరత్నం దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

పిచ్చయ్య వాళ్లకు వీపు తిప్పి తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. మధ్యన ఉన్నది నాలుగడుగుల దూరం. తిట్టుకోనీ, అనుకున్నాడు. రేపటికి పీడ విరగడ.

యల్లమ్మ గొంతేమీ తగ్గించలేదు.

"రేపు అందరికంటే ముందొచ్చి నూరు పలకలూ నేనే కొట్టి చూసి, పగిలినవి నీ ఎడం పక్కన పేర్చిపెడతా, వాటిని మాత్రం నువ్వు ఎడం చేత్తోనే అందియ్యి జీవరత్నం, పలక మోత చెవినబడక రెండేండ్లాయె మా అన్నకు."